ధర ఒక్కటే, ఆయుష్షు వేరు

తొమ్మిదో తరగతి దాటిన పిల్లలున్న ఇంట్లో ఫీజు, పుస్తకాలు, బస్సు పాసుతో పాటు ఇప్పుడు మరో ఖర్చు వచ్చి చేరింది. అది లాప్‌టాప్. షోలాపూర్‌లో మరమగ్గం నడిపే కుటుంబమైనా, హోసూరులో ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లే తండ్రి అయినా, పర్లాకిమిడిలో చిన్న కొట్టు పెట్టుకున్న తల్లి అయినా దీనికోసం కూడబెట్టగలిగేది చాలావరకు ముప్పై, నలభై వేల రూపాయల మధ్యే. ఆ డబ్బు పట్టుకుని దుకాణానికి వెళ్తే బల్ల మీద రెండు యంత్రాలు పెడతారు. రెండింటి ధరా ఇంచుమించు ఒక్కటే. రంగు వేరు, పేరు వేరు, పెట్టె మీద అంటించిన స్టిక్కర్లు వేరు. ఏది తీసుకోవాలో తేల్చుకోలేక చివరికి దుకాణదారు ఏది చేతికిస్తే అదే ఇంటికి తెచ్చుకుంటున్నాం.

మన బడుల కష్టాల గురించి ఈ పేజీలో తరచూ రాస్తూనే ఉన్నాం. తెలుగు టీచరు పోస్టు ఖాళీగా ఉండటం, పాఠ్యపుస్తకాలు ఆలస్యంగా రావడం, పిల్లల సంఖ్య తగ్గిందని తరగతులు కలిపేయడం మన చేతిలో లేని విషయాలు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నా, దాన్ని అమలు చేయించుకోవడానికి అర్జీలు పెడుతూనే ఉన్నాం. లాప్‌టాప్ కొనుగోలు మాత్రం పూర్తిగా మన చేతిలో ఉన్న నిర్ణయం. డబ్బు మనది, ఎంపిక మనది. అందుకే దాన్ని దుకాణదారుకు వదిలేయవద్దంటున్నాం. రెండు యంత్రాల ధర ఒకటే అయినప్పుడు మొదటి రోజు ఏది మెరుస్తోందన్నది చూడొద్దు. నాలుగో ఏట కూడా ఏది పనిచేస్తుంది, మన ఊళ్లో ఏది బాగవుతుంది, దాని మీద పిల్లలు తెలుగు చదవగలరా, రాయగలరా అన్నది చూడాలి.

ఉదాహరణకు దుకాణాల్లో ఈ ధరలో పక్కపక్కనే కనిపించే రెండు రకాలను తీసుకుందాం. మొదటిది పద్నాలుగు అంగుళాల తెరతో సన్నగా, తేలిగ్గా ఉంటుంది. అందులో ఏఎండీ రైజెన్ 5 7520యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటాయి. రెండోది పదిహేనున్నర అంగుళాల తెరతో కాస్త మందంగా, బరువుగా ఉంటుంది. అందులో ఇంటెల్ కోర్ ఐ3-1215యూ ప్రాసెసర్, అంతే ర్యామ్, అంతే ఎస్‌ఎస్‌డీ ఉంటాయి. చూడగానే తల్లిదండ్రులకు తోచే లెక్క సులువైనది. ఒకదాని మీద 5 అని ఉంది, రెండోదాని మీద 3 అని ఉంది. ఒకే ధరకు అయిదు వస్తుంటే మూడు ఎందుకు కొనాలి? అమ్మేవాళ్లు చెప్పేదీ అదే.

ఆ లెక్క తప్పు. ప్రాసెసర్ పేరులో మొదట వచ్చే 3, 5, 7 అంకెలు ఆ కంపెనీ తన సరుకుకు తానే పెట్టుకున్న తరగతులు. ఒక కంపెనీ అయిదును మరో కంపెనీ మూడుతో పోల్చడం రెండు బడుల రోల్ నంబర్లను పోల్చినట్టు ఉంటుంది. ఒకే కంపెనీలో కూడా తరం మారితే అర్థం మారుతుంది. ఇంటెల్‌లో పదో తరం ఐ5-1035జీ1కు ఉన్నవి 4 కోర్లు. పన్నెండో తరం ఐ3-1215యూకు ఉన్నవి 6. పేరులో అయిదు ఉన్నదానికంటే మూడు ఉన్నదానికే కోర్లు ఎక్కువ. ఏఎండీ 2023 నుంచి వాడిన నంబర్లలో అసలు కిటుకు మూడో అంకెలో ఉంది. 7520యూలో మూడో అంకె 2. అంటే లోపల ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైను. అదే 7530యూ అయితే మూడో అంకె 3, లోపల ఉన్నది దాని తరవాతి జెన్ 3. నంబరు 7తో మొదలైంది కాబట్టి అంతా కొత్తదే అనుకుంటే మోసపోతాం. మన రెండు యంత్రాల్లో మొదటిదాని పేరు పెద్దది. కానీ పిల్లల పనికి, అంటే వ్యాసాలు టైపు చేయడానికి, పాఠాల వీడియోలు చూడటానికి, చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడానికి రెండోది ఏమాత్రం తీసిపోదు. ఒక్కో కోరు వేగంలో రెండోదే ముందుంటుంది.

అసలు తేడా ర్యామ్ దగ్గర వస్తుంది. 7520యూ ప్రాసెసర్ పనిచేసేది ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్‌తోనే. అది మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది, తీసి మార్చడానికి వీలుండదు. కొన్ననాడు 8 జీబీ అయితే పారేసేనాటికీ 8 జీబీయే. ఐ3-1215యూతో వచ్చే చాలా మోడళ్లలో ర్యామ్ పెట్టుకునే స్లాట్ ఉంటుంది, కొన్నింటిలో రెండో స్లాట్ ఖాళీగా కూడా ఉంటుంది. ఈ ప్రాసెసర్ ఉన్న ప్రతి యంత్రంలోనూ స్లాట్ ఉంటుందన్న భరోసా లేదు కాబట్టి మోడల్ చూసి తేల్చుకోవాలి. దుకాణంలోనే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ కింద మెమరీ నొక్కితే ‘ఫారమ్ ఫ్యాక్టర్’ అన్న మాట కనిపిస్తుంది. దాని పక్కన సోడిమ్ అని ఉంటే మార్చుకోగలిగిన ర్యామ్. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించినది. అక్కడే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో కూడా చూపిస్తుంది. దీనికి రెండు నిమిషాలు పట్టదు.

స్లాట్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలని కంపెనీ కాగితం మీద రాసినా, ఆచరణలో 8 జీబీ కూడా ఇప్పటికే ఇరుకు. అందులో కొంత భాగాన్ని తెర మీద బొమ్మలు చూపే గ్రాఫిక్స్ తీసేసుకుంటుంది. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు, పక్కన పాఠ్యపుస్తకం పీడీఎఫ్, వెనక ఆన్‌లైన్ క్లాసు నడుస్తుంటే యంత్రం ఆయాసపడుతుంది. మూడో ఏటికి ‘లాప్‌టాప్ పాతబడింది’ అంటారు. చాలాసార్లు పాతబడింది లాప్‌టాప్ కాదు, ర్యామ్ చాలడం లేదు. స్లాట్ ఉంటే ఆ రోజున మరో 8 జీబీ కొని పెట్టుకోవచ్చు, లేకపోతే కొత్త యంత్రం కొనాలి.

డబ్బు లెక్కలో చూసినా సంగతి తేటగానే ఉంది. 36,000 రూపాయలు పెట్టిన యంత్రం మూడేళ్లు నడిస్తే ఏడాదికి 12,000 పడినట్టు. ఆరేళ్లు నడిస్తే 6,000. తొమ్మిదో తరగతిలో కొన్నది డిగ్రీ చివరి ఏడాది దాకా రావాలంటే ఏడేళ్లు పనిచేయాలి. తమ్ముడికో చెల్లెలికో అందించాలంటే ఇంకా ఎక్కువ. అప్పు చేసి కొనే ఇంట్లో రెండోసారి లాప్‌టాప్ కొనే మాట అంత తేలిగ్గా రాదు. మధ్యలో యంత్రం ఆగిపోతే పిల్లవాడి చదువే ఆ మేరకు ఆగుతుంది.

ఇక తెర. దీన్ని తెలుగు పిల్లల కోసం కొనేవాళ్లు ప్రత్యేకంగా చూడాలి. ఒకే ధరలో 1366×768 చుక్కల తెరా దొరుకుతోంది, 1920×1080 చుక్కల తెరా దొరుకుతోంది. పదిహేనున్నర అంగుళాల తెర మీద మొదటిదానిలో అంగుళానికి దాదాపు 100 చుక్కలు పడతాయి, రెండోదానిలో 141. ఇంగ్లిషు అక్షరానికి 100 సరిపోవచ్చు. మన అక్షరానికి పైన గుణింతం, కింద వత్తు, పొట్టలో చుక్క, పక్కన కొమ్ము ఉంటాయి. ద, ధ తేడా ఒక చిన్న గీత. ప, వ తేడా తలకట్టు దగ్గర తెలియాలి. తెలుగు వాచకం పీడీఎఫ్‌ను తక్కువ చుక్కల తెర మీద గంటసేపు చదివిన పిల్లవాడికి కళ్లు లాగుతాయి. తప్పు తెలుగుది కాదు, తెరది. దుకాణంలో ‘స్వాతంత్ర్యం, ధైర్యం, వృద్ధుడు, జ్ఞానం, శ్రీకృష్ణుడు’ అని అయిదు మాటలు తెరిపించి మామూలు సైజులో చదివి చూడండి. తరవాత పక్కకు జరిగి వాలుగా చూడండి. పక్క నుంచి చూస్తే రంగు మారిపోయే తెర వద్దు. మన బడుల్లో ఒక యంత్రం ముందు ముగ్గురు కూర్చుంటారు, కొసకు కూర్చున్న పిల్లకు కూడా అక్షరం కనిపించాలి.

మొదటి యంత్రానికీ మంచి గుణాలు లేకపోలేదు. తేలిగ్గా ఉంటుంది. దాని ప్రాసెసర్ తక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. రోజూ రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్లే అమ్మాయికి, క్లాసులో ప్లగ్ పాయింటు దొరకని చోట, అరకిలో బరువు తగ్గినా, గంట బ్యాటరీ పెరిగినా విలువే. అలాంటి విద్యార్థికి మేము కూడా మొదటిదే తీసుకోమంటాం. కాకపోతే అదే మోడల్ 16 జీబీ ర్యామ్‌తో రెండు మూడు వేల తేడాలో దొరికితే అది తీసుకోవాలి, ఎందుకంటే తరవాత పెంచుకునే దారి లేదు. ఇంట్లో ఒకచోట ఉండి, ఇద్దరు ముగ్గురు పిల్లలు పంచుకునే యంత్రానికీ, బడిలో బల్ల మీద ఉండే యంత్రానికీ మాత్రం రెండోదే సరైనది. మన కుటుంబాల్లో, మన బడుల్లో ఎక్కువగా ఉన్నది ఈ రెండో అవసరమే.

మరమ్మతు సంగతి మన ప్రాంతాల వాళ్లకు మరీ ముఖ్యం. రాష్ట్ర రాజధానుల్లో ఉన్నవాళ్లకు ఏ కంపెనీ అయినా ఒకటే, అన్నింటికీ సర్వీస్ సెంటర్లు ఉంటాయి. మన ఊళ్లు చాలావరకు హద్దుల మీద ఉన్నాయి. యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది. అక్కడివాళ్లకు పుదుచ్చేరి వందల కిలోమీటర్ల దూరం, కాకినాడ మాత్రం పక్కనే. పావగడ తుమకూరు జిల్లాలోనిదే అయినా దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశ్ మండలాలే. సిరోంచ వాళ్లకు తమ జిల్లా కేంద్రం గడ్చిరోలి కంటే నది దాటితే తగిలే తెలంగాణ పట్టణాలే దగ్గర. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం. కాబట్టి సర్వీస్ సెంటర్ ‘రాష్ట్రంలో’ ఉందా అని కాదు, మనం నిజంగా వెళ్లే పట్టణంలో ఉందా అని అడగాలి. కొనే ముందే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి, మనిషి ఇంటికి వచ్చి బాగుచేస్తాడా, లేక మనమే మోసుకెళ్లాలా అని తేల్చుకోండి. రెండు యంత్రాలు అన్ని విధాలా సమానంగా ఉంటే ఈ ఒక్క జవాబుతోనే ఎంపిక చేసేయవచ్చు.

మన ఇళ్ల పరిస్థితి కూడా లెక్కలోకి తీసుకోవాలి. షోలాపూర్, భివండీల్లో మగ్గం ఉన్న ఇంట్లో గాలి నిండా దూది పీచు ఉంటుంది. లాప్‌టాప్ అడుగున ఉన్న సందుల్లోంచి ఫ్యాను ఆ పీచును లోపలికి లాగుతుంది. కొన్నాళ్లకు అది పేరుకుని వేడి బయటికి పోదు, యంత్రం నెమ్మదిస్తుంది. బళ్లారి, రాయచూరు ఎండలకు, దుమ్ముకు కూడా ఇదే గతి. అందుకే అడుగు పలక మామూలు స్క్రూలతో ఊడేది అయితే మంచిది. ఊళ్లోని మెకానిక్కే ఏడాదికోసారి తెరిచి ఫ్యాను శుభ్రం చేయగలడు. పరుపు మీద, ఒడిలో గుడ్డ మీద పెట్టి వాడనివ్వకండి. గట్టి పలక మీద పెట్టాలి. ఇలా చూసుకుంటే ఆయుష్షు ఏళ్లలో పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు.

బిల్లు విషయంలో మొహమాటం వద్దు. తెలిసిన దుకాణమని, రెండు వేలు తగ్గిస్తానన్నాడని బిల్లు లేకుండా కొనకండి. జీఎస్టీ బిల్లు మీద తేదీ, మోడల్, సీరియల్ నంబరు ఉండాలి, అవి పెట్టె మీద ఉన్నవాటితో సరిపోవాలి. వారంటీ వివాదం వస్తే చేతిలో ఉండే ఆధారం అదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు కొన్న ఊళ్లోనే పెట్టాలన్న నిబంధన లేదు. మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. చెన్నైలోనో ముంబైలోనో ఆన్‌లైన్‌లో కొన్నా రాయగడలోని కుటుంబం సొంత జిల్లాలోనే అడగవచ్చు. అంతకంటే ముందు 1915 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే గోడు చెప్పుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినవి ఏ భాష వాళ్లకైనా కొంతవరకు వర్తిస్తాయి. మనకు మాత్రమే వర్తించేది తెలుగు రాత. ‘ఇందులో తెలుగు రాదండీ, సాఫ్ట్‌వేర్ వేరే కొనాలి’ అని ఇప్పటికీ కొన్ని దుకాణాల్లో చెబుతున్నారు. ఆ మాట నమ్మకండి. నేడు అమ్ముతున్న ఏ విండోస్ లాప్‌టాప్‌లోనైనా తెలుగు ముందే ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, ఆ తరవాత లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరిచి తెలుగును చేర్చుకుంటే చాలు. గౌతమి, నిర్మల యూఐ ఫాంట్లు కూడా వాటితోనే వస్తాయి. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే ఇంగ్లిషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లిషుకు మారవచ్చు. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లోనూ తెలుగు రాయవచ్చు. డబ్బు కట్టే ముందే దుకాణంలో తెలుగు కీబోర్డు చేర్పించి, పిల్లవాడి చేత తన పేరు, బడి పేరు తెలుగులో టైపు చేయించండి. ఇంటికి వెళ్లాక చూద్దాంలే అనుకుంటే అది ఎప్పటికీ జరగదు.

తెలుగు టైపుకు రెండు దారులున్నాయి. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు మాటను రాస్తే తెలుగులోకి మారే ఫొనెటిక్ పద్ధతి మొదటి రోజు సులువు. కానీ మన బడుల పిల్లలకు మేము ఇన్‌స్క్రిప్ట్ నేర్పమంటాం. దానికి గట్టి కారణం ఉంది. భారతీయ భాషలన్నింటికీ ఒకే అమరిక ఉండేలా దాన్ని రూపొందించారు, 1991లోనే అది భారతీయ ప్రమాణంగా వెలువడింది. తెలుగు ‘క’ ఏ మీట మీద ఉందో కన్నడ ‘క’, తమిళ ‘క’, ఒడియా ‘క’, మరాఠీ ‘క’ కూడా ఆ మీట మీదే ఉంటాయి. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ఒకసారి వేళ్లకు అలవాటైతే కీబోర్డు భాష మార్చుకుని రాష్ట్ర భాషలోనూ అదే వేగంతో రాయవచ్చు. తెలుగు రాష్ట్రాల్లోని పిల్లలకు ఈ లాభం పెద్దగా అక్కరకు రాదు. ఇంట్లో తెలుగు, బయట కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో రాయాల్సిన మన పిల్లలకు ఒక కష్టానికి రెండు ఫలాలు. తెలుగు నేర్పితే రాష్ట్ర భాషలో వెనకబడతారన్న భయానికి ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఇదంతా ఎందుకు, ఫోన్‌లో తెలుగు రాస్తూనే ఉన్నారు కదా అని కొందరు అంటారు. నిజమే, రాస్తున్నారు. రెండు మాటల పలకరింపు, ఒక శుభాకాంక్ష, మాట చెబితే అక్షరంగా మారే సందేశం. వ్యాసం రాయాలన్నా, రాసినదాన్ని మళ్లీ చదివి దిద్దాలన్నా, పేరా ఎత్తి కింద పెట్టాలన్నా ఫోన్ చాలదు. దిద్దుకోవడం నేర్వని రాత ఎదగదు. పిల్లవాడు సైన్సు ప్రాజెక్టు ఇంగ్లిషులో, సాంఘిక శాస్త్రం రాష్ట్ర భాషలో లాప్‌టాప్ మీద చేసి, తెలుగును మాత్రం ఫోన్‌కు, ఇంట్లో మాటలకు పరిమితం చేస్తే వాడి మనసులో ఒక లెక్క పడిపోతుంది. పనికొచ్చే భాషలు యంత్రం మీద ఉంటాయి, తెలుగు అమ్మమ్మతో మాట్లాడటానికి ఉంటుంది. తమిళనాడులో 2006 నాటి తమిళ బోధన చట్టం తరవాత తెలుగు పిల్లలకు పరీక్షల్లో తెలుగు రాసే అవకాశం కోసం ఎంత పోరాడవలసి వచ్చిందో మనకు తెలుసు. పరీక్ష హాల్లో తెలుగు కోసం పోరాడుతూ, మన ఇంటి బల్ల మీద తెలుగును మనమే వదిలేయడం ఏం న్యాయం?

టీచర్ల వైపు నుంచి చూసినా అవసరం ఇంతే. తెలుగు మాధ్యమంలో యూనిట్ టెస్టు పెట్టాలంటే చాలాచోట్ల ఇప్పటికీ ప్రశ్నపత్రం చేత్తో రాసి జిరాక్స్ తీయిస్తున్నారు. లేదంటే డీటీపీ షాపుకు ఇస్తున్నారు. అక్కడ పాతకాలపు అను ఫాంట్లలో కొడితే ఆ కాగితం అచ్చుకు పనికొస్తుంది గాని, ఆ ఫైలును మరో యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. వచ్చే ఏడాది మళ్లీ కొట్టించాలి. యూనికోడ్ తెలుగులో టైపు చేసిన ప్రశ్నపత్రాన్ని బరంపురం టీచరు పంపితే కోలారు టీచరు అలాగే తెరిచి, రెండు ప్రశ్నలు మార్చుకుని వాడుకోవచ్చు. అయిదు ప్రాంతాల్లో చెదిరి ఉన్న చిన్న బడులకు ఇలా పంచుకోవడం తప్ప బలం పెంచుకునే మార్గం మరొకటి లేదు. బడికి కొనే మొదటి లాప్‌టాప్ ఆఫీసు బీరువాలో కాకుండా తెలుగు టీచరు బల్ల మీద ఉండాలని మేము కోరేది అందుకే.

బడులకు దానం చేసే తెలుగు సంఘాలకు, పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. మీ మనసు పెద్దది, కానీ ఆఫీసుల్లో తీసేసిన పాత కంప్యూటర్లు పది పంపడం కంటే సరైనవి మూడు కొని ఇవ్వడం మేలు. విండోస్ 10కు కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా రాదు. అలాంటివి ఇవ్వదలిస్తే లినక్స్ వేసి, తెలుగు కీబోర్డు పెట్టి, పనిచేస్తున్నట్టు చూసి ఇవ్వండి. లినక్స్ అంటే భయపడనక్కర్లేదు, పొరుగున కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి దాని మీదే నడుస్తున్నాయి. కొత్తవి కొంటే అన్నీ ఒకే మోడల్ కొనండి. ఒకటి పాడైనా దాని ఛార్జరు, ర్యామ్, బ్యాటరీ మరోదానికి పనికొస్తాయి. కొటేషన్ అడిగేటప్పుడే ర్యామ్ స్లాట్ ఉండాలి, తెర 1920×1080 ఉండాలి, సర్వీసు ఫలానా పట్టణంలో దొరకాలి, తెలుగు కీబోర్డు పెట్టి ఇవ్వాలి అని నాలుగు షరతులు రాయండి. ఈ నాలుగూ రాసిన కాగితం ముందు దుకాణదారు పొగడ్తలు పనిచేయవు.

ప్రభుత్వాలనూ అడగాల్సింది ఉంది. తమిళనాడు 2011లో ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇలాంటి పథకం ఏ రాష్ట్రంలో వచ్చినా మన పిల్లలు కూడా ఆ యంత్రాలు అందుకుంటారు. వాటిలో రాష్ట్ర భాష కీబోర్డుతో పాటు ఆ బడి మాధ్యమ భాష కీబోర్డు కూడా ముందే ఉంచి ఇవ్వాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. దానికి రూపాయి అదనపు ఖర్చు లేదు, ఒక ఉత్తర్వులో ఒక వాక్యం చాలు. అల్పసంఖ్యాక భాషల బడుల యాజమాన్యాలు తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళం అన్న తేడా లేకుండా కలిసి ఈ ఒక్క వాక్యం అడిగితే కాదనడానికి ఏ ప్రభుత్వానికీ కారణం కనిపించదు.

ఈ ఏడాది మన బడుల కమిటీలు ఒక పని చేయవచ్చు. తల్లిదండ్రుల సమావేశంలో అరగంట కేటాయించి, లాప్‌టాప్ కొనబోతున్నవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. ర్యామ్ స్లాట్ ఎలా చూడాలో, తెర ఎలా పరీక్షించాలో, తెలుగు కీబోర్డు ఎలా చేర్చాలో పెద్ద తరగతి పిల్లల చేతనే చూపించండి. నలుగురైదుగురు కలిసి వెళ్లి కొంటే ధరా తగ్గుతుంది, ధైర్యమూ ఉంటుంది. ముప్పై ఆరు వేలు మన ఇళ్లలో చిన్న మొత్తం కాదు. ఎన్నో మగ్గం పూటలు, ఎన్నో ఓవర్‌టైమ్ షిఫ్టులు కలిస్తే వచ్చిన డబ్బు అది. స్టిక్కరు మీది అంకెను చూసి ఖర్చుపెట్టే డబ్బు కాదు. రెండింటి ధర ఒకటే అయినప్పుడు ఎక్కువ కాలం మన్నేదాన్ని, మన ఊళ్లో బాగయ్యేదాన్ని, మన అక్షరం తేటగా కనిపించేదాన్ని తీసుకోండి. ఇంటికి తెచ్చిన రోజే దాని మీద పిల్లల చేత మొదటి వాక్యం తెలుగులో రాయించండి.